అరకులోయ చలిలో చేపలతొట్టి, కూరమడి

విశాఖపట్టణమునుండి వాయవ్య దిక్కునకు సుమారు 115 కిలోమీటర్లు ఘాటుదారిని పోయినచో అరకులోయ చేరుదుము. రైలులో పోవువారికి వినోదము మెండు. బైలడిలా కొండల ఇనుపరాతిని ఓడరేవునకు దింపుటకై 1960 తరువాతి సంవత్సరములలో వేసిన కొత్తవలస-కిరండూలు మార్గమిది. ఏబదికి మించిన సొరంగములలో దూరుచు, లోయలపై వంతెనలు దాటుచు, శిమిలిగూడ స్టేషను వద్ద 996 మీటర్ల ఎత్తునకు ఎక్కును. శృంగవరపుకోట దాటువరకు కిటికీచెంత కూర్చున్న స్త్రీలు కొంగుతో విసరుకొనుచుందురు. బొర్రా వచ్చునప్పటికి ఆ కొంగే భుజముల చుట్టును బిగియును. అరకులో దిగునప్పటికి అందరును పెట్టెలలో శాలువలకై వెదకుచుందురు.

ఈ సీమ 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు మొదలగు గిరిజనులు ఇచ్చటి పూర్వవాసులు. నేను పోయినది మార్గశిరము చివర. కార్తీకమున లోయయంతయు పసుపు ఆరబోసినట్లుండు వలిసెచేలు అప్పటికి వన్నె తగ్గి కోతకు వచ్చెను. చోళ్లు కళ్లములకు చేరెను. చల్లని నేలపై పండు కూరలకు ఈ లోయ పెట్టినది పేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, పద్మాపురము తోటను వేసినది పూలకొరకు కాదు, సైనికులకు కూరగాయలు పంపుటకే. నేడచ్చట యాత్రికులు ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు గాని, ఆ తోట పుట్టుక మాత్రము కూరమడియే.

ఇచ్చటి చలి మైదానవాసులకు ఊహకందదు. చింతపల్లి దారిలోనున్న లంబసింగికి కొర్రబయలు అను మారుపేరు కలదు. రాత్రి ఆరుబయట నిలిచినవాడు తెల్లవారునప్పటికి కొర్రువలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచ్చట కొన్ని యేండ్ల ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరికి దిగినట్లు పత్రికలలో చదువుచునే యున్నాము. అరకులో అంతటి చలి లేకున్నను, డిసెంబరు, జనవరి నెలలలో పది డిగ్రీలకు లోబడిన రాత్రులు పెక్కు. ఆశ్చర్యమేమన, పగలు మాత్రము చక్కని యెండ. తొమ్మిది గంటలకు మంచుతెర తొలగినదో లేదో, వీపు చురుక్కుమనును. ఇట్టి రాత్రికిని ఇట్టి పగటికిని మధ్య ఒక యిల్లాలు తన పెరటిలో నలువది చేపలను, నాలుగు పీపాల ఆకుకూరలను కాపాడుకొను విధమును చూచి వచ్చితిని. సోదరీమణులకు అది తెలుపుటకే ఈ వ్యాసము.

ఆమె మా పినతల్లి కూతురు. భర్తకు కాఫీతోటలలో కొలువు. వారి పెరడు విశాలమైనదే గాని, అడుగున అంతయు బండ. గడ్డపార దిగదు. అందుచేత ఆమె మట్టి లేని మడి పెట్టినది. 1000 లీటర్ల నల్లని ప్లాస్టికు తొట్టిలో చేపలు. దాని ప్రక్కన మెట్టుపై నిలువున రెండుగా కోసిన నీలిరంగు పీపాలు, వానినిండ కంకర, ఆ కంకరలో మొక్కలు. నలువది వాట్ల చిన్న మోటారు తొట్టిలోని నీటిని కంకరలోనికి ఎత్తును. నీరు వేళ్లను తడుపుచు దిగి, మరల తొట్టిలోనే పడును. దీనిని ఆక్వాపోనిక్సు అనుచున్నారు. చేపలకు మేత వేయుటయే గాని, మొక్కలకు వేరుగా ఎరువు వేయనక్కరలేదు. ఆవిరియైనంత నీటిని పోసికొనిన చాలును.

ఇది వేడుకకు పెట్టినది కాదు. అరకు సంతలో ఎండుచేపలు కావలసినన్ని దొరకును. పచ్చిచేపలు మాత్రము మంచుగడ్డల నడుమ ఘాటెక్కి రావలెను. ఆమె చిన్నకూతురునకు రక్తము తక్కువగా నున్నదనియు, ఆకుకూరలును చేపలును తరచుగా పెట్టుమనియు వైద్యురాలు చెప్పినది. ఆ మాటతో పుట్టినది ఈ తొట్టి.

నిరుడు పుష్యమాసమున ఈ తొట్టికి కష్టకాలము వచ్చెను. అప్పుడందున్నవి తిలాపియా చేపలు. మూడు రాత్రులు వరుసగా చలి ముదిరినది. చేపలు అడుగున చేరి కదలక మెదలక యుండెను. ఆకలిచే సోలినవేమో యని మా చెల్లెలు మేత రెట్టింపు చేసినది. వారి అత్తగారును జాలిపడి గుప్పెడు అన్నము వేసిరి. మూడవనాటి రాత్రి గాలికి కొమ్మ విరిగి తీగపై పడుటచే కరెంటు పోయినది. తెల్లవారి చూచునప్పటికి ముప్పదిమూడు చేపలు వెల్లకిలబడి తేలుచుండెను. ఆ పసిపిల్ల తొట్టి అంచు పట్టుకొని ఏడ్చినదట. అత్తగారు, “ఈ జీవహింస మన ఇంటికెందుకమ్మా? ఆ తొట్టిలో మట్టి పోసి తులసమ్మను పెట్టుకో” అన్నారు. ఆమె మాటలో తప్పు లేదు. మన చేతిలోని ప్రాణులు మన తెలివితక్కువచే చచ్చుట ఏ పెద్దలు సహింతురు? చివరకు భర్త మధ్యవర్తియై, ఇంకొక్క చలికాలము చూచి, అప్పటికిని నిలువనిచో తులసియే యని తీర్పు చెప్పెను. నేను పోయినది ఆ ఇంకొక్క చలికాలముననే.

చేపలు ఏల చచ్చినవో తెలిసికొనవలెనన్న, తొట్టిలో జరుగు పని కొంత తెలియవలెను. చేప మొప్పలనుండియు, కుళ్లిన మేతనుండియు అమోనియా అను విషపదార్థము నీటిలో చేరును. కంకర నంటియున్న సూక్ష్మజీవులలో ఒక జాతి దానిని నైట్రైటుగా మార్చును. అదియు చేపకు కీడే. మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది మొక్కకు ఆహారము. చేప, సూక్ష్మజీవి, మొక్క అను మువ్వురు ఒక యింటి తోడికోడండ్రవలె పని పంచుకొన్ననే గాని ఈ కాపురము నడువదు. నడిమి కోడలు కంటికి కానరాదు గనుక అందరును ఆమెను మరతురు.

ఆ నడిమి కోడలి స్వభావము మనకు తెలియనిది కాదు. వైశాఖములో మూడు నాలుగు గంటలకే తోడుకొను పాలు, పుష్యములో రాత్రియంతయు ఉంచినను పాలుగనే యుండును. తోడు చెడిపోలేదు. అందలి సూక్ష్మజీవులు చలికి మందగించినవి. కంకరలోనివి వేరుజాతియైనను తీరు అదియే. 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనమున చురుకుగా పని చేయును. 18 డిగ్రీలకు దిగిన వాని వృద్ధి సగమగును, పదింటి దరికి వచ్చిన పాతికపాలు, నాలుగు డిగ్రీలకు పని నిలిచిపోవును. అట్టి సమయమున మేత రెట్టింపు చేయుట యనగా, వంటమనిషి జ్వరముతో పడుకొనియుండగా ఇంటికి నూరుమందిని భోజనమునకు పిలుచుటయే. తిలాపియా చేప యన్ననో వేడిదేశపు జాతి. 16, 17 డిగ్రీలకే అది మేత ముట్టదు. 11, 12 డిగ్రీలకు ప్రాణమునకే అపాయము. తినని మేత కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును తాను త్రాగివేసినది. దానికి తోడు మోటారు ఆగినది. చలి ఒక్కటియే చంపలేదు, జాలియు చంపినది.

చలినీటియందు రెండు మేళ్లును లేకపోలేదు. నీరు చల్లబడిన కొలది అమోనియాలో విషభాగము తగ్గును. చల్లని నీరు ప్రాణవాయువును హెచ్చుగా పట్టియుంచును. సముద్రమట్టమున 30 డిగ్రీల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పట్టినచో, పది డిగ్రీల నీరు పదునొకండు పట్టును. అరకువంటి ఎత్తున గాలి పలుచన గనుక ఇందు పదవవంతు తగ్గించుకొనవలెను. ఆకలి లేని చేపలకు చలినీరు కొంతవరకు రక్షయే, మనము దానిని మురికి చేయకున్న.

ఈ యేడు ఆమె చేసిన మొదటి మార్పు తొట్టిని కదల్చుట. ఇది పుస్తకముచేత నేర్చినది కాదు. అడ్డాకులు తెచ్చు పొరుగుపల్లె అవ్వ ఒకతె తొట్టి చెంత నిలిచి చెప్పినది: “సలి నీల్లలాటిదే అమ్మా, పల్లానికే పోతాది. మీరు పల్లంలో ఎట్టినారు. మా పల్లపు సేలే ముందు మాడతాయి, మెట్టసేలు నిలబడతాయి.” ఎంత చక్కని మాట! నిర్మలమైన రాత్రులయందు నేల వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. ఆ నేల నంటిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి జారి, గోతులలో నిలుచును. వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇదియే. కొండవాలున తరతరములుగా చోడి, సామ పండించుకొనువారికి దీనిని ఎవరును చెప్పనక్కరలేదు. ఆశ్వయుజములో తొట్టిని ఖాళీ చేసి, పెరటి మూలనుండి తీసి, దక్షిణపుటెండ పడు రాతిగోడ చెంత మెట్టపై పెట్టించినది. పగలంతయు కాగిన గోడ రాత్రి కొంతసేపు వెచ్చదనము నిచ్చును.

తరువాతిది మూత. కంచెకు కట్టు వెదురుబద్దలను విల్లువలె వంచి, పీపాలపై పలుచని పాలిథిన్ పట్టా కప్పినది. తొట్టికి మూడు వైపుల వరిగడ్డి వెంట్లు చుట్టి, పైన గోనె బిగించినది. ఎండ తగులు వైపు మాత్రము పగలు నల్లగా విడిచి, సాయంకాలము నాలుగింటికి అటును కప్పును. పైన థర్మోకోలు అట్ట. గాలియాడుటకు ఒక మూల జానెడు సందు.

“వేడినీళ్లు పోస్తే సరిపోదా?” అని నేనడిగితిని. ఆమె నవ్వి లెక్క చెప్పినది. 1000 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వెచ్చచేయుటకు 1000 కిలోకేలరీలు కావలెను. ఇరువది లీటర్ల కాగునిండ మరిగించి, పదునైదు డిగ్రీల నీటిలో పోసినను పెరుగునది ఒకటి ముప్పాతిక డిగ్రీ కంటె తక్కువే. రాత్రి నాలుగు డిగ్రీలు పోవునేని, తెల్లవారులోగా రెండు కాగులకు మించి కాచవలెను. ఆ నీరు తగిలిన చేప ఉడికిపోవును గదా! “కట్టెలు మోసేది నేను, లేచి కాచేది నేను. కప్పడమే సుఖం అక్కయ్యా” అన్నది. కొత్తగా వచ్చినవారు విద్యుత్తు హీటరు పెట్టుమని సలహా చెప్పుచున్నారట. నెల చివర వచ్చు బిల్లు చూచినచో ఆ చేప వెండిచేపయగును. నేను ఆమె పక్షమే.

మోటారు విషయమున ఆమె చేయునది నాకు మిక్కిలి నచ్చినది. పగలు పదింటినుండి నాలుగింటివరకు నీరు కంకరలో పారుచుండును. ఎండకు కాగిన కంకర నీటిని వెచ్చబరచి తొట్టికి పంపును. సూర్యుడు వాలగనే మోటారు ఆగును. రాత్రి నీటిని కంకరలోనికి ఎత్తుట, వేడి కాఫీని గ్లాసునుండి గిన్నెలోనికి తిరుగబోయుట వంటిదే. ఎంత పలుచగా పారిన అంత చల్లారును. అరకు కాఫీ (దీనికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది) చేతనుంచుకొని ఆమె ఈ ఉపమానము చెప్పినది గనుక నాకు మనసున నాటినది. రాత్రియంతయు నీరు పారకున్నను, తడిసియున్న కంకరలో సూక్ష్మజీవులకు అపాయము లేదు. చేపల ఊపిరికై చిన్న గాలిమోటారు తొట్టి సగము లోతున బుడగలు విడుచుచుండును. దానికి బ్యాటరీ కలదు. కరెంటు పోయినను అది ఆగదు. మోటారు కంటె బ్యాటరీ కొన్న రూపాయలే ముఖ్యమని ఆమె యభిప్రాయము.

మేతకు ఆమె పెట్టుకొన్న నియమము చేపలవారందరును వినదగినది. మధ్యాహ్నము రెండింటికి నీటిలో థర్మామీటరు ముంచును. ఇరువది డిగ్రీలు దాటినచో మామూలులో సగము. వెచ్చనిరోజులలో కిలో బరువు చేపలకు 20 నుండి 30 గ్రాముల మేత మామూలు. పదునైదుకును ఇరువదికిని నడుమనున్న, అయిదు నిమిషములలో తినివేయునంత చిటికెడు తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్ద, అదియు ఒకపూటయే. పదునైదుకు లోబడినచో ఏమియు లేదు. చల్లని నీటిలో చేప వారముల తరబడి ఉపవాసముండగలదు. దాని ఒడలే మందగించియుండును గనుక ఆకలి లేదు. అత్తగారిని దీనికి ఒప్పించుటయే కష్టమైనదట. “ఏకాదశి అనుకోండి అత్తయ్యా” అన్నదట కోడలు. అప్పటినుండి ఆమెయే కాపలా. పిల్లలు మెతుకు విసరబోయిన గదమాయించుట నేను చూచితిని.

చేపల జాతిని గూడ మార్చినది. బొచ్చె, శీలావతి చెరువున పెరుగవలసినవి, తొట్టి వానికి ఇరుకు. కొర్రమీను తనకంటె చిన్నదానిని మ్రింగివేయును. ఈ యేడు ఆమె తెచ్చినవి బంగారుతీగలు. అవి చలికి ఓర్చు జాతి, మంచు గడ్డకట్టు దేశములలోని చెరువులయందును అడుగున చేరి బ్రదుకగలవు. ముళ్లు హెచ్చు, బురదవాసన కొంత కలదు. చింతపండు పులుసులో అది తెలియదు. చలిదినములలో గాయపడిన చేపకు దూదివంటి తెల్లని బూజు పట్టును. దానికి కల్లుప్పు మందు. లీటరుకు ఒక గ్రాము, అనగా ఆ తొట్టికి ఒక కిలో. ఉప్పు ఆవిరియై పోవునది కాదు గనుక మాటిమాటికి వేయరాదు. చిక్కుడు ఉప్పునకు మొదట వాడును.

ఇక మొక్కలు. ఈ ఋతువున పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ, ఉల్లికాడలు చక్కగా వచ్చును. తోటకూర, గోంగూర, బచ్చలి వెచ్చదనము కోరునవి. వానికై ప్రయాసపడుట వృథా. టొమాటో ఆకు అడుగున ఊదారంగు తేలినచో ఎరువు లోపమని తొందరపడరాదు. చల్లబడిన వేరు భాస్వరమును పీల్చలేకపోవుటయే చాలవరకు కారణము. ఎండ ముదిరిన తానే తేరుకొనును. చేపలు తినుట తగ్గినచో మొక్కలకు ఆహారమును తగ్గును గనుక, నాలుగు పీపాలలో రెంటనే ఆమె నాటినది. మిగిలిన రెండు ఉత్త కంకరతో ఉన్నవి. చూచుటకు బోసిగా నుండును గాని తెలివైన పని.

ఇట్టి ప్రయత్నము పెద్దయెత్తున చేసినవారు మనకంటె కఠినమైన చలిలో కలరు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు కేప్ కాడ్ తీరమున జాన్ టాడ్, ఆయన భార్య నాన్సీ జాక్ టాడ్, విలియం మెక్‌లార్నీ అనువారు 1969లో న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూటు అను సంస్థను స్థాపించి, 1976లో ఆర్క్ అను అద్దాలయిల్లు కట్టిరి. అందు వెలుతురు చొరబడు పొడవైన గుండ్రని తొట్లలో తిలాపియాలను పెంచిరి. ఆ తొట్ల నీరు పగటి యెండను త్రాగి, రాత్రి మెల్లమెల్లగా విడిచి, కూరమొక్కలకు కుంపటియైనది. మన దేశమున అరుణాచలములోని జీరో లోయలో ఆపతానీలు వరిమళ్లలోనే బంగారుతీగలను పెంచి, గట్లపై చోళ్లు వేసికొందురు. చలికాలము రాకమున్నే చేపలను పట్టివేయుదురు. చలితో పోరుట కంటె, అది వచ్చులోగా పట్టి తినివేయుట పూర్వుల ఉపాయము. మా చెల్లెలును వచ్చే యేడు సగము చేపలను కార్తీకముననే వండివేయుదునని చెప్పినది.

సోదరీమణులలో పెరట మట్టి గలవారు ఈ తొట్టి పెట్టవలెనా అని నన్నడిగినచో, అక్కరలేదందును. నేలలో చిన్న గుంట త్రవ్వుకొనుడు. నేలలోపలి వెచ్చదనము రాత్రికి రాత్రి పోదు, పై గాలి ఆరు డిగ్రీలున్నను మట్టి అంత త్వరగా చల్లబడదు. ఆ నీటిని మడికి పారించిన చాలు, మోటారును వలదు. బండపై కాపురమున్నవారికిని, అద్దె యిండ్లలోనివారికిని మాత్రమే ఈ పీపాలు సార్థకము. ప్లాస్టికు వస్తువులు అమ్ముకొనువారు వేరుగా చెప్పవచ్చును.

నేనున్న నాలుగు దినములలో ఒకనాటి వేకువ పెరటిగాలి ఆరు డిగ్రీలు, తొట్టినీరు పదునాలుగు. మూత ఎత్తి చూడగా చేపలు అడుగున వరుసగా తోకలు మెల్లగా ఆడించుచుండెను. మాఘములో ఆమె వ్రాసిన ఉత్తరమున నలువదింటిలో మూడు పోయినవనియు, అందొకటి మూత సందునుండి ఎగిరి నేలపై పడినదనియు కలదు. పిల్ల వారమునకు రెండుమారులు పాలకూరపప్పు తినుచున్నదట. చేపల వంటకు ఇంకను ముహూర్తము పెట్టలేదు. ఎవరికి చేయి రాలేదు.

శివరాత్రితో చలి తగ్గినను మేతను ఒక్కమారుగా పెంచరాదు. చేపకు ఆకలి ముందు వచ్చును, కంకరలోనివి మేల్కొనుటకు రెండు మూడు వారములు పట్టును. దినదినమునకు చిటికెడు చొప్పున పెంచి, ఫాల్గుణమున ఉత్త పీపాలు రెంటిలోను వంగ, మిరప నాటి, ఉగాది తరువాతనే క్రొత్త పిల్లచేపలను కొనవలెనని ఆమె నిశ్చయించుకొన్నది.